లినక్స్ ఫోను ఉంచుకోవాలా, వదిలించుకోవాలా? తేల్చుకోవడం ఎలా?

ఆండ్రాయిడ్ బదులు, కంప్యూటర్లలో వాడే తరహా లినక్స్ సిస్టమ్‌తో నడిచే పైన్‌ఫోన్, లిబ్రెమ్ 5 లాంటి ఫోను ముచ్చటపడి కొన్నారు. కొద్ది రోజులకే చిరాకు మొదలైంది. కాల్ వచ్చినా మోగదు, సాయంత్రానికి చార్జింగ్ ఉండదు, ఫొటోలు మసకగా వస్తాయి. కోపంలో అమ్మేయకండి, అలాగని మోజు కొద్దీ వెనకేసుకు రాకండి. కింది పరీక్షలు వరుసగా పెట్టి చూడండి.

1. వాపసు గడువు చూడండి. మిగతావన్నీ దీని తర్వాతే. కొన్ని ఫోన్లను ఔత్సాహికుల కోసమేనని ముందే చెప్పి అమ్ముతారు. అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ లోపాలపై ఫిర్యాదు చెల్లకపోవచ్చు.

2. మీ ప్రధాన సిమ్‌ను పాత ఫోనులోనే ఉంచండి. పరీక్షలకు మరో సిమ్ వాడండి.

3. కాల్ పరీక్ష చేయండి. నా దృష్టిలో సగం నిర్ణయం ఇక్కడే తేలిపోతుంది. తెర వెలుగుతుండగా ఒకసారి, తెర ఆరి పావుగంట గడిచాక మరోసారి వేరే ఫోను నుంచి కాల్ చేయండి. రెండోదే అసలు పరీక్ష. బ్యాటరీ ఆదా కోసం ఫోను నిద్రలోకి వెళ్లినప్పుడు నెట్‌వర్క్‌తో సంబంధం ఉంచే మోడెమ్ ఒక్కటే మేలుకొని ఉంటుంది. కాల్ రాగానే అది ప్రాసెసర్‌ను లేపాలి. అందుకు కొన్ని సెకన్లు పడుతుంది, ఈలోగా అవతలివారు విసిగి పెట్టేయవచ్చు. నిద్రే వద్దని సెట్టింగుల్లో ఆపేస్తే కాల్ వెంటనే మోగుతుంది గానీ, బ్యాటరీ గంటల్లోనే ఖాళీ అవుతుంది. ఈ రెండు ఇబ్బందుల్లో ఏదో ఒకదాన్ని మీరు భరించగలరా?

మీ గొంతు ప్రతిధ్వనిస్తోందేమో అవతలివారిని అడగండి. డేటా వస్తోంది కదా, కాల్స్ కూడా వస్తాయని అనుకోవద్దు. మీ నెట్‌వర్క్ 2జీ, 3జీ సేవలను ఆపేసి ఉంటే, వోల్టీ (4జీ మీదే కాల్స్ నడిపే పద్ధతి) పనిచేస్తేనే మాట్లాడగలరు.

మైకో కెమెరానో పాడైందనుకునే ముందు పైన్‌ఫోన్ వెనక మూత తీసి చూడండి. అక్కడ ఆరు బుల్లి స్విచ్‌లుంటాయి. మోడెమ్, వైఫై, మైక్, కెమెరాల వంటివాటిని అవే ఆపుతాయి. గోరు తగిలి ఒకటి పక్కకు జరిగినా ఆ భాగం పనిచేయదు.

4. మెమరీ కార్డు నుంచి మరో ఆపరేటింగ్ సిస్టమ్ నడిపి చూడండి. పైన్‌ఫోన్ ఆన్ కాగానే ముందుగా మైక్రో ఎస్‌డీ కార్డునే వెతుకుతుంది. మోబియన్, పోస్ట్‌మార్కెట్ ఓఎస్, ఉబుంటు టచ్‌లలో ఒకదాన్ని కార్డుపై రాసి పెడితే చాలు, ఫోనులో ఉన్న సిస్టమ్ చెక్కుచెదరదు. అన్ని లినక్స్ ఫోన్లకూ ఈ సౌలభ్యం ఉండదు. కార్డు వేగవంతమైనదై ఉండాలి, లేకపోతే దాని నత్తనడకను సిస్టమ్‌కు అంటగడతాం. ఒక సిస్టమ్‌లోనే కనిపించే లోపం దానిదే. రెండింటిలోనూ కనిపిస్తే సిస్టమ్‌కు మూలభాగమైన కెర్నల్‌నో హార్డ్‌వేర్‌నో అనుమానించాలి.

5. లోపాలను విడదీయండి. కాల్‌లో ప్రతిధ్వని, నిద్ర నుంచి లేవకపోవడం లాంటివి అప్‌డేట్లతో మెరుగుపడవచ్చు. పైన్‌ఫోన్‌లోని ఆల్‌విన్నర్ ఏ64 ప్రాసెసర్, 2 లేదా 3 జీబీ ర్యామ్, 5 మెగాపిక్సెల్ కెమెరా మాత్రం ఏ అప్‌డేట్‌తోనూ మారవు. బ్రౌజర్ మందకొడిగా ఉందంటే, చాలావరకు ఇకముందూ అంతే. బ్యాంకు యాప్‌ల సంగతి మరీ వేరు. లినక్స్‌లోనే ఆండ్రాయిడ్‌ను నడిపే వేడ్రాయిడ్ సాయంతో ఆండ్రాయిడ్ యాప్‌లు నడుస్తాయి గానీ, భద్రతా తనిఖీలు చేసే బ్యాంకు యాప్‌లు చాలాసార్లు మొరాయిస్తాయి. దాన్ని సరిచేయడం లినక్స్ డెవలపర్ల చేతిలో లేదు.

6. ఆ లోపంపై పని నిజంగా జరుగుతోందా? ప్రాజెక్టు లోపాల జాబితాలో వెతకండి. ఇటీవలి నెలల్లో ఎవరైనా కోడ్ మార్చి ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. ‘త్వరలో’ అన్న మాటకు మాత్రం సున్నా మార్కులే వేయండి.

7. ఇప్పుడు తేల్చండి. ఇకపై ఒక్క అప్‌డేట్ కూడా రాదనుకోండి. అయినా ఈ ఫోను మీకు పనికొస్తుందా? చేతిలో ఇదొక్కటే ఫోనైతే, అది కాల్ పరీక్షలో ఫెయిలైతే, మొహమాటం లేకుండా వాపసు చేయండి. మరో ఫోను ఉంటే లెక్క మారుతుంది. డాక్ (అదనపు పోర్టులిచ్చే చిన్న పరికరం) ద్వారా కీబోర్డు, మానిటర్ తగిలిస్తే పైన్‌ఫోన్ చిన్నపాటి డెస్క్‌టాప్‌గా పనిచేస్తుంది. టెర్మినల్‌లో ఆదేశాలు టైపు చేసి పని చేసుకునేవారికి, లోపాలను ఓపిగ్గా నివేదించేవారికి ఇది ఉంచుకోదగ్గదే.

అమ్మేట్లయితే డేటా తుడిచేసి, మొదటి సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించి, మెమరీ కార్డు తీసుకోండి. కొన్నాళ్లు పక్కన పెట్టేట్లయితే సుమారు సగం చార్జింగ్ ఉండగా బ్యాటరీని బయటకు తీసి దాచండి.