గడియారం గంట ముందుకు జరిగే వారంలో నిద్రమత్తు లేకుండా కారు నడపడం

అమెరికాలో హవాయి, అరిజోనాలోని అధిక భాగం తప్ప మిగిలిన రాష్ట్రాల్లో, మార్చి నెల రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలు కాగానే గడియారం 3కి మారుతుంది. పోయింది ఒక్క గంటే కదా అనిపిస్తుంది గాని, ఒంటికి గడియారం మారిన సంగతి తెలియదు. సోమవారం ఉదయం 6 గంటలకు అలారం మోగినప్పుడు శరీరం లెక్కలో ఇంకా 5 గంటలే అయి ఉంటుంది, పైగా బయట అంతకుముందు వారం కన్నా ఎక్కువ చీకటిగా ఉంటుంది.

అందుకే జాగ్రత్త గురువారం రాత్రే మొదలు కావాలి. ఆ రోజు నుంచి రోజుకు 20 నిమిషాల చొప్పున ముందుగా పడుకొని, అంతే ముందుగా లేస్తూ వస్తే, ఆదివారానికి ఆ గంట సర్దుకుంటుంది. ఆదివారం పొద్దున్నే కాసేపు ఎండలో నడిచి, మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేస్తే రాత్రి త్వరగా నిద్ర పడుతుంది. పెద్దలకు కనీసం 7 గంటల నిద్ర అవసరం. జలుబుకూ అలర్జీకీ వాడే కొన్ని మాత్రలు మత్తునిస్తాయి కనుక వాటి అట్ట మీది హెచ్చరికను చదివిన తర్వాతే స్టీరింగ్ పట్టుకోవాలి.

రెప్పలు బరువెక్కడం, తిరగవలసిన ఎగ్జిట్ దాటిపోవడం, గడిచిన రెండు మైళ్లు ఎలా వచ్చామో గుర్తు లేకపోవడం, రోడ్డు అంచున హెచ్చరిక కోసం చెక్కిన గాడుల మీదికి టైర్లు ఎక్కి గరగరమనడం, వీటిలో ఏ ఒక్కటి జరిగినా, ఇల్లు పది నిమిషాల్లో వచ్చేస్తుందని సర్దిచెప్పుకోవద్దని వేడుకుంటున్నాను. గంటకు 60 మైళ్ల వేగంలో 4 సెకన్లు కునుకు పడితే కారు 100 మీటర్లకు పైగా పట్టించుకునేవారు లేకుండా దూసుకుపోతుంది. అద్దం దించినా, పాటల శబ్దం పెంచినా నిద్ర ఆగదు.

వెంటనే రెస్ట్ ఏరియాలోనో, వెలుతురున్న పార్కింగ్‌లోనో ఆగి, తలుపులు లాక్ చేసుకొని, కాఫీ తాగి 20 నిమిషాలు పడుకోవాలి. కెఫీన్ పూర్తిగా పనిచేయడానికి సుమారు అరగంట పడుతుంది కనుక రెండూ కలిసివస్తాయి. లేచాక మగత వదిలేదాకా కొన్ని నిమిషాలు అటూ ఇటూ నడిచి, అప్పటికీ తేరుకోకపోతే బండిని మరొకరికి అప్పగించాలి.

నవంబరు మొదటి ఆదివారం గంట తిరిగి వస్తుంది గాని, ఆఫీసు వదిలే వేళకే చీకటి పడి మగత కమ్ముతుంది, కాబట్టి ఆ వారం సాయంత్రాలు ఇంకాస్త నెమ్మదిగా నడపాలి.