టెక్సస్ వెళ్తున్న అమ్మానాన్నలూ, ఒక్క శనివారం జర్మన్ ఊళ్ళకి ఉంచుకోండి

మా బ్రాడీపేటలో ఎవరు టెక్సస్‌లో పిల్లల దగ్గరికి బయల్దేరినా ఏం చూడాలని నన్నడుగుతారు. మాల్సూ గుడీ అయిపోయాక ఒక శనివారం మీ అబ్బాయినో అమ్మాయినో కారు తీయమని, కంఫర్ట్ అనే చిన్న ఊరికి పదండి. శాన్ ఆంటోనియో నుంచి ఐ-10 హైవే మీద సుమారు 50 మైళ్ళు.

1854లో జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరది. వాళ్ళలో చాలామంది హేతువాదులు, అందుకే ఊరు పుట్టాక దాదాపు 40 ఏళ్ళ వరకు అక్కడ చర్చి లేదు. గోరా గారి నాస్తిక కేంద్రాన్ని 1947 నుంచి చూస్తున్న బెజవాడ వాళ్ళకి ఇది వింతగా అనిపించదు.

షాపుల్లోకి దూరకుండా ముందు హై స్ట్రీట్‌లో ఉన్న సున్నపురాయి స్తంభం దగ్గరికి వెళ్ళండి. దాని మీద జర్మన్‌లో 'ట్రోయ డేర్ ఊనియోన్' అని ఉంటుంది, అంటే యూనియన్‌కి, అంటే ఒక్కటిగా ఉన్న అమెరికాకి, విధేయత. అమెరికా అంతర్యుద్ధంలో టెక్సస్ ఆ దేశం నుంచి విడిపోతే వీళ్ళు ఒప్పుకోలేదు, మెక్సికోకి తప్పించుకుపోతుంటే 1862 ఆగస్టు 10 తెల్లవారుజామున న్యూయేసెస్ నది దగ్గర కాన్ఫెడరేట్ (విడిపోయిన రాష్ట్రాల) సైనికులు మీదపడ్డారు. గాయపడి దొరికినవాళ్ళని కూడా చంపేశారు. మూడేళ్ళు దహనమూ ఖననమూ లేకుండా పడి ఉన్న ఎముకల్ని యుద్ధం అయ్యాక ఊరివాళ్ళే ఏరి తెచ్చి ఇక్కడ పూడ్చుకున్నారు, 1866లో ఈ రాయి నిలబెట్టారు. చుట్టూ తిరిగి అన్ని వైపులా చదవండి. రెండు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు: 'గెఫాలెన్' అంటే పోరులో పడిపోయినవాళ్ళు, 'ఎర్మోర్డెట్' అంటే హత్యకి గురైనవాళ్ళు. మావారు ఆ పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదువుతుంటే మా మనవడు కూడా పక్కన నిలబడి చదివాడు, ఎవరూ ఫోన్ తీయలేదు.

అక్కణ్నుంచి పాతిక మైళ్ళ లోపే ఫ్రెడరిక్స్‌బర్గ్, 1846లో పెట్టిన ఊరు. చాలామంది ముందు ఇక్కడికొచ్చి అలిసిపోయి కంఫర్ట్ వదిలేస్తారు, అలా చెయ్యకండి. ఇక్కడ తప్పకుండా చూడాల్సింది పయనీర్ మ్యూజియంలోని 'సండే హౌస్'. దూరపు పొలాల్లో ఉండే రైతులు శనివారం సరుకులకి బండి కట్టుకొచ్చి, రాత్రి ఉండి, ఆదివారం చర్చికి వెళ్ళి ఇంటికి పోవడానికి కట్టుకున్న బుల్లి ఇళ్ళివి. చూడగానే మన మిర్చి యార్డుకి ముందురోజు రాత్రే లోడుతో వచ్చి బస్తాల పక్కనే నడుం వాల్చే రైతులు గుర్తొచ్చారు నాకు, వాళ్ళకీ ఇలాంటి గది ఒకటుంటే ఎంత బాగుండు.

పిల్లలు వెంట ఉంటే మెయిన్ స్ట్రీట్‌లో కోర్టు దగ్గర నుంచి తూర్పుకి నడిపించి, అడ్డంగా వచ్చే వీధుల పేర్లలో మొదటి అక్షరాలు కలపమనండి. 'ఆల్ వెల్‌కమ్' అని వస్తుంది. పడమటికి నడిస్తే 'కమ్ బ్యాక్'.

ఎండ మన గుంటూరు ఎండలాగే ఉంటుంది, నీళ్ళు ఎక్కువ పెట్టుకోండి. హోటళ్ళలో సాసేజ్‌లూ పంది మాంసమే ఎక్కువ కాబట్టి శాకాహారులు పులిహోర డబ్బా పట్టుకెళ్ళడం మంచిది. మే నుంచి ఆగస్టు మధ్య వెళ్తే రోడ్డు పక్కన పీచ్ పళ్ళు అమ్ముతారు. ఒత్తి చూడకండి, కమిలిపోతాయి, మామిడిపండుకి చూసినట్టే తొడిమ దగ్గర వాసన చూసి కొనుక్కోండి.