ఎల్‌ఎన్‌క్యాప్ కణాలతో మొదటిసారి పని చేసేవాళ్లకు

హన్మకొండలో మా ల్యాబ్‌కు ప్రాజెక్టు కోసం వచ్చే పిల్లలు ఎక్కువ మంది "ప్రోస్టేట్ క్యాన్సర్ మీద చేస్తాం మేడం, పీసీ-3 ఇవ్వండి" అంటారు. ఎందుకంటే ల్యాబ్‌లో పెంచే ఆ ప్రోస్టేట్ క్యాన్సర్ కణ రకం గబగబా పెరుగుతుంది. కానీ మీ మందు మగ హార్మోన్ పనిని అడ్డుకుంటుందో లేదో చూడాలంటే పీసీ-3 గానీ అలాంటిదే అయిన డీయూ145 గానీ పనికిరావు, వాటిలో ఆండ్రోజెన్ రిసెప్టర్ (మగ హార్మోన్‌ను పట్టుకుని కణంలో పని మొదలుపెట్టే ప్రోటీన్) లేనట్టే లెక్క. ఆ పనికి ఎల్‌ఎన్‌క్యాప్ (LNCaP) అనే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు కావాలి. 1977లో అమెరికాలోని బఫెలోలో 50 ఏళ్ల పేషెంట్‌కు మెడ కింద, కాలర్ బోన్ పైనున్న లింఫ్ గ్రంథి నుంచి సూదితో తీసిన కణాలు ఇవి, ఇప్పటికీ పీఎస్‌ఏ అనే ప్రోస్టేట్ ప్రోటీన్ తయారు చేస్తాయి.

ఆర్‌పీఎంఐ-1640 మీడియాలో (కణాలకు ఆహారమిచ్చే ద్రవం) 10 శాతం సీరం, 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, అంతే. కష్టమంతా ఓపిక దగ్గరే. రెట్టింపు కావడానికి దాదాపు రెండున్నర రోజులు పడుతుంది, పైగా ఫ్లాస్క్‌కు గట్టిగా అతుక్కోవు. నేను మొదటిసారి పెంచినప్పుడు టెన్షన్‌తో పూటకోసారి ఫ్లాస్క్ తీసి చూసేదాన్ని, నాలుగో రోజు చూస్తే కణాలన్నీ ముద్దలు ముద్దలుగా మీడియాలో తేలుతున్నాయి. కాబట్టి కొత్త ఫ్లాస్క్‌లో వేశాక 48 గంటలు ముట్టుకోకండి. మరీ పలచగా కూడా వేయకండి. మీడియా మార్చేటప్పుడు పైపెట్ కొనను కణాలు లేని గోడకు ఆనించి, నీళ్లు జారినట్టు మెల్లగా వదలాలి, జర పైలం. కణాలను ఫ్లాస్క్ నుంచి విడదీసే ట్రిప్సిన్ వేశాక పక్కకు పోవద్దు, మైక్రోస్కోప్ కిందే చూస్తూ ఉండండి, కణాలు గుండ్రంగా అయి లేస్తున్నాయంటే వెంటనే సీరం ఉన్న మీడియా పోసేయాలి.

హార్మోన్ ప్రయోగాల్లో చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది. ఈ కణాల రిసెప్టర్‌లో 877వ స్థానంలో థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం బదులు అలనైన్ ఉంటుంది, అందుకే ప్రొజెస్టిరాన్‌కు, ఈస్ట్రోజెన్‌కు, చివరికి దాన్ని ఆపాల్సిన ఫ్లూటమైడ్ మందుకు కూడా అది పని మొదలుపెడుతుంది. మామూలు సీరంలో హార్మోన్లుంటాయి, మీడియాకు ఎరుపు తెచ్చే ఫినాల్ రెడ్‌కు కూడా కొంచెం ఈస్ట్రోజెన్ గుణం ఉంది. ఫినాల్ రెడ్ లేని మీడియా, చార్‌కోల్‌తో శుభ్రం చేసిన సీరం వాడకపోతే మీరు చూసేది మీ మందు ప్రభావమో కాదో తెలియదు.

తెలిసినవాళ్లు ఇచ్చారని పక్క ల్యాబ్ ఫ్లాస్క్ తెచ్చుకోకండి. టీఎస్‌యూ-పీఆర్1ను ఏళ్ల తరబడి ప్రోస్టేట్ కణాలనుకున్నారు, అవి మూత్రాశయ క్యాన్సర్ టీ24 కణాలని 2001లో తేలింది. ఎన్ని థీసిస్‌లు దాని మీద నిలబడ్డాయో తలుచుకుంటే బాధేస్తుంది. పుణె ఎన్‌సీసీఎస్ లాంటి కణ బ్యాంకు నుంచే తెప్పించుకోండి, కణాలు అసలైనవేనా అని డీఎన్‌ఏతో తేల్చే ఎస్‌టీఆర్ పరీక్ష, మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పట్టిందేమో చూసే పరీక్ష చేయించండి.

కణాలు రాగానే, ప్రయోగాలకంటే ముందు, పెంచి ఐదారు వయల్స్ (చిన్న సీసాలు) ఫ్రీజ్ చేసి పెట్టుకోండి. ఎండాకాలంలో కరెంటు పోయి ఇంకుబేటర్ ఆగితే మీకు మిగిలేవి అవే. ప్రతి వయల్ మీద తేదీతో పాటు పాసేజ్ నంబర్ (ఎన్నోసారి కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చారో ఆ లెక్క) రాయండి, ఎందుకంటే పాసేజ్‌లు బాగా పెరిగిన ఎల్‌ఎన్‌క్యాప్ హార్మోన్‌కు మొదట్లో స్పందించినట్టు స్పందించదు.