దోసెల దగ్గర పడుతూ లేస్తూ నేర్చుకోవడం ఎలా

వంట కొత్తగా మొదలుపెట్టినవాళ్లు, ముఖ్యంగా హాస్టల్ వదిలి రూమ్‌లో దిగినవాళ్లూ, డాలస్‌లోనో లండన్‌లోనో మొదటి చలికాలం చూస్తున్నవాళ్లూ, దోసె పిండి దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తారు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "ఉప్పు తగినంత వెయ్యి, నీళ్లు చూసి పొయ్యి, పొంగేదాకా ఉంచు" అంటుంది. ఆ తగినంత ఎంతో ఆవిడ చేతికి తెలుసు, నోటితో చెప్పమంటే రాదు. కాబట్టి చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి మీరే నేర్చుకోవాలి. కాకపోతే ఊరికే చెడగొడుతూ పోతే ఏడాదైనా చెయ్యి తిరగదు, దానికో వరస ఉంది.

టెట్‌కో డీఎస్సీకో చదివినవాళ్లకి యత్నదోష అభ్యసనం, అంటే చేసి, తప్పు పోయి, మళ్లీ చేసి నేర్చుకోవడం, అనగానే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త థార్న్‌డైక్ పిల్లి గుర్తొస్తుంది కదా. 1898లో ఆయన ప్రచురించిన ప్రయోగాలవి. ఆకలిగా ఉన్న పిల్లిని పెట్టెలో పెడతారు, బయట తిండి ఉంటుంది, అది గోకీ కొరికీ గింజుకుంటుంటే ఎలాగో ఒకసారి తలుపు తెరుచుకుంటుంది, మళ్లీ మళ్లీ పెడుతుంటే బయటపడటానికి పట్టే టైమ్ తగ్గుతూ వస్తుంది. బిట్లు బట్టీ పట్టే హడావుడిలో ఎవరూ పట్టించుకోరు గానీ, తలుపు తెరుచుకున్న వెంటనే ఆ పిల్లికి తిండి దొరికేది. దోసెలు పోసేవాడికి ఆ సుఖం లేదు. ఇవాళ పొద్దున నానబోసిన పప్పు సంగతి రేపు పొద్దున పెనం మీద గానీ బయటపడదు, ఈలోపు మీరు చేసిన పది పనుల్లో ఏది కొంప ముంచిందో ఎవరికి తెలుసు?

అందుకని జవాబు త్వరగా వచ్చే చోట మొదలుపెట్టండి. అంటే ఈ వరసలో: మొదట పెనం, తర్వాత రుబ్బడం, ఆ తర్వాత పులియబెట్టడం, అన్నిటికన్నా చివర కొలతలు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, దోసె పెనానికి అతుక్కుంటే చాలు వెళ్లి బియ్యం బ్రాండ్ మార్చేస్తారు.

పెనం కోసం కొన్నాళ్లు షాపులో దొరికే రెడీమేడ్ పిండే తెచ్చుకోండి, నామోషీ ఏం లేదు. పిండి బాగానే ఉందనుకుంటే ఇక తేలాల్సింది పెనం సంగతొక్కటే, పైగా ప్రతి దోసెకీ రెండు నిమిషాల్లో జవాబు వస్తుంది. పెనం వేడెక్కాక నాలుగు చుక్కలు నీళ్లు చల్లి చూడండి. చుక్క అక్కడే కూర్చుని నింపాదిగా ఆరితే వేడి చాలలేదు, ఇప్పుడు పోస్తే అట్లకాడ పెట్టగానే దోసె చిరుగుతుంది. చుయ్యిమని ఇంకిపోతే సరిగ్గా ఉంది. ఆరకుండా ముత్యంలా గుండ్రంగా మారి అటూ ఇటూ పరుగెడితే మరీ ఎక్కువ కాలింది, ఆ వేడి మీద పిండి తిప్పబోతే గరిటెకే చుట్టుకుని ఉండలుగా లేచొస్తుంది. అప్పుడు కాసిని నీళ్లు చల్లి, గుడ్డతో తుడిచి, మంట సిమ్‌లో పెట్టి పిండి తిప్పి, ఆ తర్వాత మంట పెంచాలి. ఇనప పెనమైతే సగం కోసిన ఉల్లిపాయ నూనెలో ముంచి రుద్దండి. చపాతీలు కాల్చే పెనం మీదే దోసెలు పోస్తుంటే మాత్రం ఏ చిట్కా పెద్దగా పనిచెయ్యదు, దోసెలకి వేరే పెనం పెట్టుకోండి. ఇక్కడ నియమం ఒకటే, ఒక్కో దోసెకి ఒక్కటే మార్చాలి. మంట తగ్గిస్తే నూనె ముట్టుకోకండి, నూనె పెంచితే మంట ముట్టుకోకండి.

రుబ్బడం దగ్గర కూడా జవాబు అప్పటికప్పుడే వస్తుంది. రుబ్బిన మినప్పిండి చిటికెడు తీసి గిన్నెడు నీళ్లలో వెయ్యండి, తేలితే గాలి పట్టింది, మునిగితే ఇంకాసేపు తిప్పాలి. మిక్సీ వాళ్లు చల్లటి నీళ్లు పోసుకుంటూ ఆపి ఆపి తిప్పండి, లేదంటే పిండి వేడెక్కుతుంది.

అసలు కుస్తీ అంతా పులియబెట్టడం దగ్గరే. పిండిని పొంగించే బ్యాక్టీరియా, ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ అనేది, మినప్పప్పుతోనే వస్తుంది, బయట నుంచి ఈస్ట్ అక్కర్లేదు. దానికి కావాల్సింది వెచ్చదనం, 30 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తుంది. విజయవాడ ఎండాకాలంలో సాయంత్రం రుబ్బింది తెల్లారేసరికి పులిసిపోవడం, అదే పిండి చలిదేశంలో మర్నాడు మధ్యాహ్నానికి కూడా కదలకపోవడం అందుకే. ఇక్కడ ఒక్కో రాత్రికి ఒక్కో ప్రయోగం అంటే నెలలు పడుతుంది. ఒకే పిండిని రెండు గిన్నెల్లో సగం సగం పొయ్యండి. ఒకటి వంటగట్టు మీద, ఇంకోటి ఓవెన్‌లో, ఓవెన్ వెలిగించకుండా లోపలి లైట్ మాత్రం వేసి. ఇంకోసారి రెండూ ఒకే చోట పెట్టి ఒకదాంట్లో ముందే ఉప్పు కలపండి, రెండోదాంట్లో పొద్దున కలపండి. ఉప్పు ముందా వెనకా అని ఇంటింటికీ ఒక వాదన ఉంది, మీ వంటింట్లో ఏది నిజమో ఒక్క రాత్రిలో తేలిపోతుంది. గాజు గిన్నెలైతే పిండి మట్టం దగ్గర రబ్బర్ బ్యాండ్ వేసి ఫోన్‌లో ఫోటో తీసుకోండి, పొద్దున ఎంత పొంగిందో కంటికే కనిపిస్తుంది. ఫోటో కింద ఒక ముక్క రాసుకోండి, "ఉప్పు ముందే, 10 గంటలు, బాగా పొంగింది" అని. గుర్తుంటుందిలే అనుకుంటారు గానీ వారం తిరిగితే గుర్తుండదు.

కొలతల దగ్గర పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. కప్పు మినపగుళ్లకి మూడు కప్పుల బియ్యం, అర టీస్పూన్ మెంతులతో మొదలుపెట్టండి. బాగా కరకరలాడాలంటే బియ్యం కాస్త పెంచి చూడండి, గుప్పెడు అటుకులు కలిపితే ఏమవుతుందో మరోసారి చూడండి, రెండూ ఒకేసారి మాత్రం వద్దు.

ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు. కుక్కర్ సేఫ్టీ వాల్వ్, గ్యాస్ పైపు, ఇలాంటివి చేసి చూసి నేర్చుకునేవి కావు. ఆవకాయ కూడా అంతే, మామిడికాయలు ఏడాదికోసారి వస్తాయి, జాడీలో చేసిన పొరపాటు నెలలకి గానీ బయటపడదు, అప్పటికి కాయల సీజన్ అయిపోతుంది. దానికి చెయ్యి తిరిగిన పెద్దావిడ పక్కన కూర్చుని కారం, ఆవపిండి, ఉప్పు ఎన్ని గ్లాసులు పోస్తుందో చూసి రాసుకోవడమే దారి. ప్రయోగం చేసి తీరాలంటే చిన్న సీసాలో చెయ్యండి.

ఇక చెడిపోయిన పిండి. బాగా పులిసిపోతే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, కాస్త బియ్యప్పిండి కలిపి పునుగులు వేసుకోండి, పులుపు ఉంటేనే అవి బాగుంటాయి. అసలు పొంగకపోతే పారబొయ్యకండి, అల్లం ముక్కలు తరిగి వేసి, అప్పటికప్పుడు మందంగా అట్లు పోసుకుని అల్లప్పచ్చడితో తినెయ్యండి.