లాస్ట్ రివర్‌లోకి దిగే ముందు: సబ్‌నాటికా ఆడేవాళ్ళకు జాగ్రత్తలు

సబ్‌నాటికా అనే సముద్రగర్భ వీడియో గేమ్‌లో ఎక్కువమంది చచ్చిపోయేది కిందికి దిగేటప్పుడు కాదు, తిరిగొచ్చేటప్పుడు. దిగేటప్పుడు ట్యాంకు నిండా గాలి, పవర్ సెల్ నిండా చార్జి, మనసులో హుషారు ఉంటాయి. వెనక్కి తిరిగేసరికి మూడూ సగానికి వస్తాయి, దారి మాత్రం అంతే పొడవు ఉంటుంది. అందుకే ఇక్కడ చెప్పే జాగ్రత్తలన్నీ ఒకే లెక్క చుట్టూ తిరుగుతాయి: పైకి రావడానికి ఏం కావాలో ముందు సర్దుకోండి, దిగడం సంగతి తరవాత. కథ ఎక్కడా బయటపెట్టను, నిశ్చింతగా చదవొచ్చు.

అరోరా ఓడ కూలిపోయి లైఫ్‌పాడ్ 5లో కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి 4546బి గ్రహం మీద మనం నేర్చుకునేదంతా పై నీళ్ళలోనే. అక్కడ ఏ తప్పు చేసినా తల పైకెత్తి నేరుగా ఈదితే గాలి దొరుకుతుంది. లాస్ట్ రివర్‌లో ఆ వీలు లేదు. సముద్రం అడుగున, రాతి కింద, సుమారు 500 మీటర్ల నుంచి 900 మీటర్ల దాకా సాగే గుహల వరస అది. అక్కడ తలెత్తితే రాతి కప్పే కనిపిస్తుంది. వచ్చిన దారినే వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళాలి, ఆ తరవాతే పైకి. ఈ తేడా ఒంటబట్టనివాళ్ళు ఎంత మంచి సామాను కట్టుకున్నా ఇబ్బంది పడతారు.

నిజం సముద్రంలో గుహల్లోకి దిగే డైవర్లు పాటించే మూడో వంతు నియమం ఒకటుంది. గాలిలో ఒక వంతు లోపలికి వెళ్ళడానికి, ఒక వంతు బయటికి రావడానికి, మిగిలిన వంతు ముట్టుకోకుండా ఆపదకి. ఆటకీ ఇది చక్కగా సరిపోతుంది. ట్యాంకు లేకుండా మన ఊపిరి 45 సెకన్లు. మామూలు ట్యాంకు మరో 30 కలుపుతుంది, హై కెపాసిటీ ట్యాంకు 90, అల్ట్రా హై కెపాసిటీ ట్యాంకు 180. అంటే అన్నిటికన్నా పెద్దది తగిలించుకుంటే మొత్తం 225 సెకన్లు. వాహనం దిగి ఖనిజం కోసం పక్క గుహలోకి ఈదారనుకోండి, గాలి అంకె 150కి రాగానే వెనక్కి తిరగాలి. ఎదురుగా ఎంత మంచి వస్తువు మెరుస్తున్నా సరే. చేతిలోని పీడీయే (మనతో మాట్లాడే చిన్న కంప్యూటర్) గొంతు హెచ్చరించేదాకా ఆగుదాం అనుకుంటే కుదరదు. అది 30 సెకన్లు మిగిలాయని చెప్పే సమయానికి గుహలో ఉన్నవాళ్ళకి ఆలస్యమైపోతుంది.

రీబ్రీదర్ (ముఖానికి తొడుక్కునే శ్వాస పరికరం) లేకుండా ఈ లెక్కకి విలువే లేదు. 100 మీటర్లు దాటితే గాలి మామూలుకన్నా తొందరగా ఖర్చవుతుంది, 200 దాటితే ఇంకా తొందరగా. పీడీయే ఆ రెండు చోట్లా హెచ్చరిస్తుంది కూడా, కానీ చాలామంది దాన్ని నేపథ్య సంగీతంలా వదిలేస్తారు. రీబ్రీదర్ ముఖానికి ఉంటే ఎంత లోతులోనైనా సెకను సెకనులాగే నడుస్తుంది.

వాహనం విషయంలో తొందరపడకండి. మనిషి ఒంటికి ఈ ఆటలో లోతు దెబ్బ లేదు, వాహనానికే ఉంది. సీమోత్ (చిన్న జలాంతర్గామి) మామూలుగా 200 మీటర్ల దాకా తట్టుకుంటుంది. లోతు మాడ్యూళ్ళు (లోతు తట్టుకునేలా వాహనానికి వేసే భాగాలు) వేస్తూ పోతే 300, 500, చివరికి 900. ప్రాన్ సూట్ (లోపల కూర్చుని నడిపే యంత్ర కవచం) మొదటే 900 తట్టుకుంటుంది, తరవాత 1300, 1700. సైక్లాప్స్ (పెద్ద జలాంతర్గామి) 500తో మొదలై 900, 1300, 1700 దాకా వెళ్తుంది. హద్దు దాటితే ఒక్కసారిగా పగిలిపోదు, దెబ్బ మీద దెబ్బ తగులుతూ ఉంటుంది. ఆ కొద్దిసేపటి వెసులుబాటు చూసి 'ఇంకో పది మీటర్లే కదా' అనుకునేవాళ్ళే వాహనాలు పోగొట్టుకుంటారు.

సీమోత్‌కి మూడో మాడ్యూల్ వేసుకుని లాస్ట్ రివర్ చూసి రావచ్చు. చూడడానికే, ఉండడానికి కాదు. దాని ఒళ్ళు పలుచన, అక్కడి జంతువులు గట్టివి. నా ఓటు సైక్లాప్స్‌కి. దాని పొట్టలో ప్రాన్ సూట్ పెట్టుకుని వెళ్ళడం అన్నిటికన్నా భద్రమైన పద్ధతి. పొట్టలో ఉన్నంతసేపు ప్రాన్‌కి లోతు దెబ్బ తగలదు, సైక్లాప్స్ కరెంటుతో చార్జి కూడా అవుతుంది. లాస్ట్ రివర్‌లోకి చాలా దారులున్నాయి కానీ సైక్లాప్స్ పట్టేంత వెడల్పు అన్నిటికీ లేదు. ఉత్తరాన ఉన్న బ్లడ్ కెల్ప్ జోన్ దారి విశాలం, మొదటిసారి వెళ్ళేవాళ్ళు అటే వెళ్ళండి. ఒకటి గుర్తుంచుకోండి: మాడ్యూల్ వేయని సైక్లాప్స్ 500 దగ్గరే మూలుగుతుంది. మొదటి మాడ్యూల్ లేకుండా దాన్ని అటు తీసుకెళ్ళకండి.

ప్రాన్ సూట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది చిక్కుకుపోయేది దీంతోనే. అది ఈదదు. నడుస్తుంది, దూకుతుంది, అంతే. మా తమ్ముడు మొదటిసారి ప్రాన్ కట్టుకుని సంబరంగా ఒక లోయలోకి దూకాడు. రాళ్ళకి తగులుతూ కిందికి పోతూనే ఉంది. అడుగు తగిలాక పైకి చూసి, 'అన్నా, ఇది పైకి ఎగరదేంటి?' అన్నాడు. మామూలు జెట్ రెండు మూడు సెకన్లు ఎత్తి మళ్ళీ దింపేస్తుంది, ఆ గోడ ఎక్కడానికి అది చాలదు. చివరికి సూట్ అక్కడే వదిలేసి ఈదుకుంటూ వచ్చాడు. జంప్ జెట్ అప్‌గ్రేడ్, ఒక చేతికి గ్రాప్లింగ్ ఆర్మ్, ఈ రెండూ లేకుండా ప్రాన్‌ని 500 మీటర్ల కిందికి తీసుకెళ్ళొద్దు. కొక్కెం గోడ పైభాగాన విసరాలి, లాగుతుండగా జెట్ నొక్కాలి, మధ్యలో వదిలి మళ్ళీ పైన విసరాలి. ఈ వరస చేతికి అలవాటయ్యేదాకా ముందు తక్కువ లోతులో ఏదైనా కొండ దగ్గర సాధన చేయండి. గంట సేపు విసుగనిపించొచ్చు, కానీ కింద ఎంతో సమయం మిగులుస్తుంది. రెండో చేతికి డ్రిల్ పెట్టుకుంటే పెద్ద ఖనిజాల గుట్టలు తవ్వుకోవచ్చు.

డ్రిల్ ఎందుకంటే నికెల్ కోసం. ప్రాన్ సూట్ మొదటి లోతు మాడ్యూల్‌కీ, సైక్లాప్స్ రెండో మాడ్యూల్‌కీ నికెల్ కావాలి, అది దొరికేది లాస్ట్ రివర్‌లోనే. కాబట్టి మొదటి ప్రయాణం ఉద్దేశం స్పష్టంగా పెట్టుకోండి: నికెల్ తేవాలి, దారి గుర్తులు పెట్టాలి, వచ్చేయాలి. అన్నీ ఒకే విడతలో చూసేద్దామని బయల్దేరితే ఏదీ సరిగ్గా పూర్తవదు.

దారి గుర్తులంటే బీకన్లు. ఈ ఆటలో మ్యాప్ లేదు. కావాలనే పెట్టలేదు, అది ఆటకి అందం తెచ్చింది కూడా. కానీ రాతి కింద అదే ప్రమాదం. కాస్త రాగి, కాస్త టైటానియం ఉంటే బీకన్ తయారవుతుంది, నాలుగైదు చేసి పెట్టుకోండి. మొదటిది గుహ నోటి దగ్గర, తరవాత దారి చీలిన ప్రతిచోటా ఒకటి. పేరు పెట్టేటప్పుడు వరస అంకెతో పాటు లోతు కూడా రాయండి. ఆకుపచ్చ వెలుతురులో నాలుగు మలుపులు తిరిగాక ఏది ఏదో తెలియదు. తెర మీద '3, 640' అని కనిపిస్తే మనసు కుదుటపడుతుంది.

ఇక అక్కడ ఉండేవి. ముందుగా, నేల మీద చెరువుల్లా నిలిచి ఉండే ఆకుపచ్చ ద్రవం. నీళ్ళ అడుగున మళ్ళీ చెరువేమిటని ఆశ్చర్యంతో అందులోకి దిగుతారు. అది ఒంటిని కాలుస్తుంది, దూరంగా ఉండండి. తరవాత క్రాబ్‌స్క్విడ్ అనే జంతువు: అది వదిలే తరంగానికి వాహనం కరెంటు మొత్తం ఆరిపోతుంది. కంగారుపడి దిగిపోకండి, కాసేపట్లో కరెంటు మళ్ళీ వస్తుంది. వార్పర్ అనే జీవి సంగతి వేరు. అది మనల్ని సీమోత్‌లోంచి గానీ ప్రాన్‌లోంచి గానీ నేరుగా బయటికి లాగి పడేస్తుంది. అందుకని వాహనంలో హాయిగా కూర్చున్నా సరే, ట్యాంకు, రీబ్రీదర్, ఫిన్లు ఒంటి మీదే ఉండాలి. వాటిని అరలో పెట్టి జాగా మిగుల్చుకుందామనుకునేవాళ్ళకి వార్పర్ ఒక్క క్షణంలో సమాధానం చెబుతుంది.

ఘోస్ట్ లెవయాథన్ అనే భారీ జంతువు పిల్లలు కూడా ఆ గుహల్లో తిరుగుతాయి. పిల్లలంటే నమ్మకండి, వాటి పొడవు చూస్తే గుండె ఆగుతుంది. వాటితో పోరాడే ఆలోచన వదిలేయండి. ఈ ఆటలో తుపాకులు లేవు. అమెరికాలో 2012లో శాండీ హుక్ బడిలో జరిగిన కాల్పుల తరవాత, దర్శకుడు చార్లీ క్లీవ్‌లాండ్ కావాలనే వాటిని పెట్టలేదు. నాకు ఈ ఆట మీద గౌరవం పెరిగిన కారణాల్లో అదొకటి. చేతిలో ఉండేది కత్తి, కాసేపు కదలకుండా చేసే స్టేసిస్ రైఫిల్. తప్పించుకోవడమే ఇక్కడ నేర్పు. సైక్లాప్స్‌లో ఉంటే వేగం తగ్గించండి, చప్పుడు తగ్గుతుంది. మరీ దగ్గరికొస్తే ఇంజన్ పూర్తిగా ఆపేసి ఊరుకోండి. చాలాసార్లు అది చుట్టూ తిరిగి వెళ్ళిపోతుంది. సైలెంట్ రన్నింగ్ (సైక్లాప్స్ చప్పుడు తగ్గించే ఏర్పాటు) మంచిదే కానీ కరెంటు తాగేస్తుంది, దారంతా వేసుకుని వెళ్ళొద్దు. భయంతో ఫ్లాంక్ (అన్నిటికన్నా ఎక్కువ) వేగం నొక్కడం అన్నిటికన్నా చెడ్డ పని: చప్పుడు పెరుగుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, లోపల మంట లేస్తుంది. ఫైర్ సప్రెషన్ మాడ్యూల్ ఒకటి వేసుకోండి, దాంతో పాటు చేతిలో మంటలార్పే సిలిండర్ కూడా.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి. ఏ జంతువు ఎటు వైపు ఉందో కళ్ళకన్నా ముందు చెవులకే తెలుస్తుంది. రాత్రి ఒంటరిగా ఆడితే నిద్ర పట్టని పిల్లలు ఇంట్లో ఉంటే మాత్రం ఈ భాగం పగలు ఆడించండి, పక్కన కూర్చోండి. లోతు నీళ్ళంటే భయం చాలామందికి నిజంగానే ఉంటుంది, దాన్ని ఎగతాళి చేయకూడదు.

కరెంటు లెక్క చూద్దాం. సైక్లాప్స్‌కి ఆరు పవర్ సెల్స్, ప్రాన్‌కి రెండు, సీమోత్‌కి ఒకటి. మామూలు పవర్ సెల్ ఒక్కోటి 200 యూనిట్లు. బయల్దేరేటప్పుడు అన్నీ నిండుగా ఉండాలి, లాకర్‌లో మరో ఆరు నిండినవి ఉండాలి. ఎఫిషియెన్సీ మాడ్యూల్ దొరికితే తప్పక వేయండి. సోలార్ ప్యానెళ్ళు అంత లోతులో పనికిరావు, వాటి మీద ఆశ పెట్టుకోకండి.

కింద ఒక చిన్న బేస్ కట్టుకుంటే రాకపోకల భారం సగం తగ్గుతుంది. లాస్ట్ రివర్‌లో మహావృక్షంలాంటి ఒక పెద్ద చెట్టున్న చోటు వస్తుంది, చుట్టూ నీలి వెలుగుతో ఘోస్ట్ రేలు తిరుగుతుంటాయి, అవి మనల్ని ఏమీ అనవు. చాలామంది అక్కడే బేస్ వేస్తారు, నేనూ అక్కడే వేస్తాను. కానీ లోతు పెరిగేకొద్దీ బేస్ గోడల బలం తొందరగా తరిగిపోతుంది. అద్దాలు, కిటికీలు ఇంపుగా ఉంటాయని పెడితే బలం సున్నా కిందికి పడి నీళ్ళు లోపలికి వస్తాయి. ముందు రీఇన్‌ఫోర్స్‌మెంట్ (గోడని గట్టిపరిచే పలక) వేయండి, ఒక్కోటి 7 పాయింట్లు కలుపుతుంది. బల్క్‌హెడ్ తలుపు 3 కలుపుతుంది. నీళ్ళు 25 డిగ్రీలు దాటి వేడిగా ఉన్న చోటు దగ్గర్లో దొరికితే థర్మల్ ప్లాంట్ పెట్టండి, ఇక కరెంటు బెంగ ఉండదు. దొరక్కపోతే బయోరియాక్టర్. రిపేర్ టూల్, హ్యాబిటాట్ బిల్డర్ రెండూ ఎప్పుడూ జేబులోనే ఉండాలి.

తిండి: వండిన చేప కొంతసేపటికి పాడైపోతుంది. ఉప్పు పట్టించి ఎండబెట్టినది నిలవ ఉంటుంది కానీ దాహం పెంచుతుంది. నా పద్ధతి ఏంటంటే, సైక్లాప్స్‌లోనే కుండీలు కట్టుకుని మార్బుల్ మెలన్ పెంచడం. తిండి, నీళ్ళు రెండూ ఒకే కాయలో వస్తాయి. కాయ కోసి గింజ మళ్ళీ నాటితే సరి. ఫస్ట్ ఎయిడ్ కిట్లు కనీసం మూడు వెంట ఉండాలి.

ఒకవేళ చచ్చిపోతే ఏమవుతుందో కూడా తెలిసుండాలి. చివరగా అడుగుపెట్టిన బేస్‌లోనో సైక్లాప్స్‌లోనో మళ్ళీ లేస్తారు. బయటికి వెళ్ళాక ఏరుకున్నవాటిలో కొన్ని పోతాయి. వాహనం మాత్రం వదిలిన చోటే ఉంటుంది. అందుకే ఎంతసేపూ ప్రాన్‌లోనే ఉండిపోకుండా మధ్యమధ్యలో సైక్లాప్స్‌లోకి ఎక్కి దిగుతుంటే, లేచే చోటు దగ్గర్లోనే ఉంటుంది.

సేవ్ చేయడం మర్చిపోవద్దు. ఈ ఆట తనంతట తాను సేవ్ చేసుకోదు, మెనూలోకి వెళ్ళి మనమే చేయాలి. డెస్క్‌టాప్ మీద ఆడేవాళ్ళు, ముఖ్యంగా ఎండాకాలం కరెంటు కోతలుండే ఊళ్ళలో ఆడేవాళ్ళు, గుహ నోటి దగ్గర ఒకసారి, ప్రతి బీకన్ దగ్గర ఒకసారి సేవ్ చేయండి. చిన్న యూపీఎస్ ఉంటే ఇంకా మంచిది. సేవ్ చేసేముందు చుట్టూ లెవయాథన్ లేదని చూసుకోండి, సైక్లాప్స్ లోపలే ఉండి చేయండి. హార్డ్‌కోర్ మోడ్‌లో ఒక్కటే ప్రాణం కాబట్టి, ముందు మామూలు సర్వైవల్ మోడ్‌లో లాస్ట్ రివర్ దాటాకే దాని జోలికి వెళ్ళండి. ఆకలిదప్పుల గోల వద్దనుకునేవాళ్ళకి ఫ్రీడమ్ మోడ్ ఉంది. అందులో ఆడితే తక్కువేమీ కాదు, లోతు అదే, చీకటి అదే.

900 దాటి లావా గుహల్లోకి వెళ్ళేటప్పుడు మరో రెండు మాటలు. అక్కడ వాహనం దిగి ఈదకండి, వేడికే ఒళ్ళు కాలుతుంది. లావా లార్వాలు సైక్లాప్స్‌కి అతుక్కుని కరెంటు పీలుస్తాయి. షీల్డ్ వేస్తే ఊడిపోతాయి, కాబట్టి షీల్డ్ జనరేటర్ లేకుండా సైక్లాప్స్‌ని కిందికి దించొద్దు. ప్రాన్‌కి థర్మల్ రియాక్టర్ వేస్తే ఆ వేడి నుంచే చార్జి అవుతుంది. సీ డ్రాగన్ అనే భారీ జంతువు గొంతు వినిపిస్తే ముందుకి వెళ్ళకుండా గోడ పక్కన నిలబడి, అది ఎటు తిరుగుతుందో చూసి కదలండి. కయనైట్ అనే ఖనిజం దొరకగానే ముందు సైక్లాప్స్ మూడో మాడ్యూల్‌కి పక్కన పెట్టండి, మిగిలింది ప్రాన్‌కి వాడండి. అన్నిటినీ తిరిగి పైకి మోసుకొచ్చేది సైక్లాప్సే.