పెళ్ళి సందడిలో తలనొప్పి రాకుండా చూసుకోవడం ఎలా

పెళ్ళికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ తల పగిలిపోతుంటే ఇంట్లో దిష్టి తీస్తారు, లేదా "మరీ సుకుమారం" అంటారు. సుకుమారం కాదది. డీజే మోత, వీడియో లైట్లు, మల్లెలూ సెంట్లూ అగరొత్తుల వాసన, పదిమందితో మాటలు, అన్నిటినీ మెదడు ఒకేసారి వడకట్టుకోవాలి. మైగ్రేన్ (పార్శ్వనొప్పి) ఉన్నవాళ్ళకూ, ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని సమస్య) ఉన్నవాళ్ళలో చాలామందికీ ఆ వడపోత కష్టం. నిద్రలేమి, ఆకలి తోడైతే ఇక నొప్పి మొదలవుతుంది. కంటినిండా నిద్రపోయిన రోజు తట్టుకున్న మోతనే తెల్లవారుజాము ముహూర్తం నాడు తట్టుకోలేకపోవడం అందుకే. డీజేని ఆపలేం, మిగతావి తగ్గించుకోగలం.

ముందు కడుపు సంగతి. మొదటి బంతిలో చోటు దొరక్కపోతే భోజనం రెండున్నర దాటుతుంది. ఇంట్లో టిఫిన్ చేసే బయల్దేరండి. బ్యాగులో గుప్పెడు వేయించిన పల్లీలు, నీళ్ళ సీసా ఉండాలి. రోజూ రెండు కాఫీలు తాగేవాళ్ళు ఆ రోజూ రెండే తాగాలి. హడావుడిలో మానేస్తే కెఫీన్ అందక 12 నుంచి 24 గంటల్లో మరో తలనొప్పి తయారవుతుంది. కన్యాదానం చేసే దంపతులు ఉపవాసం ఉంటారు కనుక పాలు, కొబ్బరినీళ్ళు తీసుకోవచ్చా అని పురోహితుణ్ణి ముందురోజే అడిగిపెట్టుకోండి.

పూలజడ సంగతి చాలామందికి తట్టదు. బిగుతుగా అల్లిన జడ, సవరం, పూల బరువు కలిసి నెత్తిమీది చర్మాన్ని గంటల తరబడి లాగుతాయి. దానివల్ల వచ్చే నొప్పి జడ విప్పిన గంటలోపు తగ్గిపోతుంది, గుర్తు అదే. అల్లడం అయ్యాక కనుబొమలు పైకెత్తి చూడండి. కణతల దగ్గర చర్మం లాగుతుంటే అప్పుడే వదులు చేయించుకోండి, మండపంలో కూర్చున్నాక కుదరదు.

కూర్చునే చోటు మీదే సగం ఆధారపడి ఉంటుంది. స్పీకర్లు సాధారణంగా వేదికకు రెండు పక్కలా ఉంటాయి, వాటికి సూటిగా ఎదురుగా కూర్చోవద్దు. ఆరుబయట దూరం రెట్టింపైతే చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. హాల్లో గోడలు మోతను తిప్పికొడతాయి కాబట్టి వెనక్కి జరిగినా అంత లాభం ఉండదు, వరండాలోకి రావడమే మేలు. గోడకు వీపు ఆనేలా, తలుపు దగ్గర, ఎల్‌ఈడీ తెర కంటికి ఎదురుగా పడకుండా ఒక కుర్చీ చూసుకోండి. అన్నిటికన్నా చెడ్డ చోటు వేదిక దగ్గర ఫొటోల వరుస: లైట్లు, సెంట్లు, స్పీకరు అన్నీ అక్కడే. అందరూ భోజనాలకు లేచాక వెళ్ళి అక్షింతలు వేసి రండి.

ఇయర్‌ప్లగ్‌లు పనిచేయలేదనేవాళ్ళలో చాలామంది వాటిని సగమే పెట్టుకుంటారు. ఫోమ్ ప్లగ్‌ని వేళ్ళ మధ్య సన్నగా నలపండి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, ప్లగ్‌ని లోపలికి దోపి, ఉబ్బేదాకా 20–30 సెకన్లు వేలితో నొక్కి పట్టుకోండి. ఫోమ్ పెట్టుకుంటే మాటలు కూడా సరిగా వినపడవు. కబుర్లు చెప్పాలంటే ఫిల్టరున్న సిలికాన్ రకం నయం. గట్టిమేళం ఎప్పుడొస్తుందో ముందే తెలుసు: జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణ. అప్పటికి పెట్టుకుని, మేళం తగ్గాక తీసేయండి. ఇంట్లో నిశ్శబ్దంలోనూ రోజంతా పెట్టుకుంటే చెవి ఇంకా సున్నితమవుతుంది. ఇంట్లో నల్లకళ్ళద్దాలతోనూ ఇదే ఇబ్బంది.

మోత మీద అరుస్తూ మాట్లాడుతుంటే దవడ, మెడ బిగుసుకుంటాయి. పళ్ళు ఒకదానికొకటి తగలకుండా, భుజాలు కిందికి వదిలి ఉంచండి. ముప్పావుగంటకోసారి పది నిమిషాలు బయటికి రండి. "పెద్దమ్మా, భోజనాల దగ్గర ఓసారి చూసొస్తాను" అంటే ఎవరూ తప్పుపట్టరు.

ఊరికే ఆవలింతలు, మెడ పట్టేయడం, చిరాకు, మాట తడుముకోవడం, వెలుగు గుచ్చుకోవడం మైగ్రేన్‌కు ముందస్తు గుర్తులు. నొప్పి వచ్చాక చూద్దామనుకోవద్దు, అప్పుడే లేవండి. చీకటిగా ఉన్న గది, రెండు గ్లాసుల నీళ్ళు, రుమాల్లో చుట్టిన ఐసు మెడ వెనక పావుగంట. కారులో పడుకోవచ్చు గానీ సెల్లార్‌లో మాత్రం ఇంజన్ ఆన్ చేసి ఏసీ పెట్టుకోకండి, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

మాత్ర నొప్పి చిన్నగా ఉండగానే పనిచేస్తుంది. ముదిరితే కడుపు కదలిక మందగించి మందు ఒంటికి పట్టదు. పెద్దవాళ్ళకు పారాసెటమాల్ 650 మి.గ్రా. మాత్ర ఒకటి, మళ్ళీ వేసుకోవాలంటే ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగు దాటకూడదు. జలుబు మాత్రల్లోనూ అదే మందు ఉంటుంది, అట్ట వెనక చూడండి. కాలేయ జబ్బున్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు (మైగ్రేన్‌కే ఇచ్చే మాత్రలు) లేదా రెండు మూడు మందులు కలిపిన మాత్రలు 10 రోజులు చొప్పున నెలల తరబడి వాడితే ఆ మందే తలనొప్పి తెస్తుంది. ఇక అమృతాంజనం. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు తెచ్చిన ఆ డబ్బా మనకు ఇంటి మనిషి లాంటిది. కానీ వాసన పడనివాళ్ళకు అదీ భారమే, పక్కవాళ్ళు ప్రేమతో రాయబోయినా వద్దనండి.

క్షణాల్లో పిడుగుపడ్డట్టు వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ వంగకపోవడం, మాట ముద్దగా రావడం, చేయి పడిపోవడం: ఇవి పెళ్ళి తలనొప్పులు కావు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఒత్తిడి దిగాక మర్నాడు, సరిగ్గా సత్యనారాయణ వ్రతం వేళకు వచ్చే నొప్పి కూడా ఉంది. అందుకే మర్నాడు పొద్దెక్కేదాకా పడుకోకుండా రోజూ లేచే వేళకే లేవండి, టిఫిన్ ఆలస్యం చేయకండి. పెళ్ళి రోజు రాత్రే పుస్తకంలో ఓ వరుస రాసుకోండి: "5 గంటల నిద్ర, భోజనం 2:40, డీజే గంట, నొప్పి రాత్రి 8కి, కుడి కణత." నెలకు నాలుగు రోజులకు మించి ఇలాంటి వరుసలు పడితే ఆ పుస్తకం తీసుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. నొప్పి రాకుండా ముందే వేసుకునే మందులున్నాయి.