విశాఖలో సెకండ్ హ్యాండ్ కారు: ఊళ్ళో బండి కొనాలా, బయటి నుంచి తెచ్చుకోవాలా?

మా బావ రెండేళ్ళ కిందట ఢిల్లీ నుంచి ఒక డీజిల్ కారు తెప్పించుకున్నాడు. ఇక్కడ అయిదున్నర లక్షలు చెబుతున్న బండి అక్కడ నాలుగు లక్షల ఇరవై వేలకే దొరికింది. బండి బాగుంది, ఇప్పటికీ బాగానే నడుస్తోంది. కానీ పాత ఓనరు తీసుకున్న బ్యాంకు లోను ఎంట్రీ ఆర్సీ మీద అలాగే ఉండిపోయింది. అది తీయించందే ఎన్ఓసీ (బండి వేరే చోటికి మార్చుకోడానికి అభ్యంతరం లేదని పాత రవాణా కార్యాలయం ఇచ్చే కాగితం) రాదు. ఎన్ఓసీ లేందే ఇక్కడ నంబరు రాదు. మధ్యవర్తి పది రోజుల్లో పంపిస్తానన్న కాగితం అయిదు నెలలకి చేతికొచ్చింది. అన్నాళ్ళూ కారు మర్రిపాలెంలో అపార్ట్‌మెంట్ సెల్లారులో కవరు కప్పుకుని కూర్చుంది. లైఫ్ ట్యాక్సు, లారీ కిరాయి, రెండుసార్లు ఢిల్లీ వెళ్ళొచ్చిన ఖర్చు కలుపుకుంటే ఇక్కడి ధర దాటిపోయింది.

అదే ఏడాది నేను లాసన్స్ బే కాలనీలో ఒక పెట్రోలు కారు చూడ్డానికి వెళ్ళాను. ఒకే ఓనరు, 38 వేల కిలోమీటర్లు, కాగితాలన్నీ ఫైల్లో వరసగా పెట్టి ఉన్నాయి. పైన ఒక్క గీత లేదు. పాత చాప పరిచి కిందకి దూరి, జాకీ పెట్టే చోట స్క్రూడ్రైవరు పిడితో తట్టాను. టంగుమనాల్సిన రేకు బొత్తుమంది. ఇంకాస్త నొక్కితే ఇటుక రంగు పొర పెళుసుగా విరిగి నా అరచేతిలో పడింది. ఇల్లు సముద్రానికి రెండు వీధుల అవతల. కారు ఎనిమిదేళ్ళూ ఆరుబయటే నిలబడింది.

అప్పటి నుంచి ఎవరు సలహా అడిగినా ఒకటే చెబుతున్నాను: మన ఊరి బండైతే కింద చూడండి, బయటి బండైతే కాగితం చూడండి. ఎలా చూడాలో వరసగా చెబుతాను.

విదేశీ సెకండ్ హ్యాండ్ ఆలోచన ముందే తేల్చుకోండి

"మనకి పోర్టుంది కదా, జపాన్ నుంచో దుబాయ్ నుంచో పాత కారు దింపుకోవచ్చు కదా" అని అడిగేవాళ్ళున్నారు. కుదరదు. వాడిన కార్ల దిగుమతికి మన దిగుమతి విధానంలో అనుమతి ఉన్నది ముంబయి పోర్టుకే. కారు తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి, స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపాలి, హెడ్‌లైట్ల వెలుగు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కి తగ్గట్టు పడాలి. అన్నీ సరిపోయినా కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిపితే కారు ఖరీదు కన్నా పన్నే ఎక్కువవుతుంది. మామూలు కుటుంబానికి ఇది లెక్కలోకి వచ్చే దారి కాదు.

ఇప్పటికే దేశంలోకి వచ్చేసిన విదేశీ కారుని ఎవరైనా చవగ్గా ఇస్తామంటే ఇంకా జాగ్రత్త పడాలి. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్ళు 'ఆపరేషన్ నుంఖోర్' పేరుతో, భూటాన్ మీదుగా సుంకం కట్టకుండా వచ్చాయన్న అనుమానంతో ఖరీదైన కార్లు స్వాధీనం చేసుకున్నారు. కారు ఎవరి ఇంటి ముందుంటే అక్కడి నుంచే తీసుకెళ్ళారు. అందుకే సుంకం కట్టినట్టు చూపే బిల్ ఆఫ్ ఎంట్రీ లేని విదేశీ కారు ఎంత అందంగా ఉన్నా వద్దు.

మన జిల్లాలో అసలు ప్రశ్న ఇది కాదు. ఏపీ బండి కొనాలా, ఢిల్లీ, హైదరాబాదు, బెంగళూరు, భువనేశ్వర్ బండి కొనాలా అన్నదే.

నంబరు ప్లేటు చూసి మోసపోకండి

ఏపీ 31 అంటే విశాఖ అని మనకి అలవాటు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక ప్లేటు చూసి జిల్లా చెప్పలేం. విజయవాడ కారూ ఏపీ 39, మన కారూ ఏపీ 39. ఆర్సీలో రిజిస్టరింగ్ అథారిటీ అన్న చోట ఏ ఊరి కార్యాలయం ఉందో చదవండి.

పాత బండ్లలో ఇంకో చిక్కుంది. 2014 జూన్ 2కి ముందు హైదరాబాదులో రిజిస్టరైన కార్లకి ఏపీ 09 లాంటి నంబర్లు, రంగారెడ్డి కార్లకి ఏపీ 28, 29 ఉండేవి. ప్లేటు మీద ఏపీ అని ఉన్నా వాటి రికార్డు తెలంగాణ రవాణా శాఖ దగ్గరుంటుంది. కొంటే బయటి రాష్ట్రం బండి కింద లెక్క, ఎన్ఓసీ కావాలి. ఏపీ బండే కదా అని అడ్వాన్సు ఇచ్చేశాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఓనరు వరస సంఖ్య, ఇన్సూరెన్స్ గడువు, ఫిట్‌నెస్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా చూసుకోండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్‌లో అది దొంగిలించిన బండా కాదా అన్నది తెలుస్తుంది. రెండూ కలిపి పది నిమిషాల పని.

విశాఖ చేరాక పడే ధర వేసుకోండి

బయటి కారు రేటు విన్న వెంటనే సంతోషపడకండి. కాగితం మీద ఇవి రాయండి: కారు ధర, లారీ కిరాయి లేదా డ్రైవరుతో తోలించే ఖర్చు (ఢిల్లీ మనకి దాదాపు 1,800 కిలోమీటర్లు), ఏపీలో కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజులు, కొత్త నంబరు ప్లేటు, ఇన్సూరెన్స్. లైఫ్ ట్యాక్సుని కారు వయసు, కొన్నప్పటి అసలు ధర చూసి లెక్కేస్తారు. కాబట్టి మొదటి ఓనరు షోరూములో తీసుకున్న ఇన్‌వాయిస్ కాపీ అడిగి పుచ్చుకోండి. ఆ కాపీ పట్టుకుని మాధవధారలో రవాణా శాఖ కార్యాలయానికి వెళ్ళి, ఈ బండికి ఎంత పడుతుందో కొనకముందే కనుక్కోండి. మా బావ ఈ ఒక్క పని చేసుంటే బేరమే మారిపోయేది.

పాత రాష్ట్రంలో కట్టిన ట్యాక్సులో కొంత వాపసు వస్తుందని అమ్మేవాళ్ళు చెబుతారు. దానికి ఇక్కడ కొత్త నంబరు వచ్చాక ఆధారాలతో అక్కడ దరఖాస్తు చేయాలి. వస్తే మంచిదే, కానీ ఆ డబ్బుని బేరంలో కలపకండి.

మన ఊరి కారు: చాప పట్టుకెళ్ళండి

విశాఖ గాలిలో ఉప్పుంటుంది. అది రేకు మీద పేరుకుని తేమని పట్టి ఉంచుతుంది, తుప్పుని తొందరపెడుతుంది. వాన పైభాగాన్ని కడుగుతుంది గానీ కింద కడగదు. పోర్టు వైపు వీధుల్లో అయితే బొగ్గు, ఖనిజం దుమ్ము కూడా తోడై మూలల్లో గడ్డకట్టి తడిని వదలదు. అందుకే ఎక్కడ నిలబెట్టేవారు, షెడ్డులోనా ఆరుబయటా అన్నది కిలోమీటర్ల కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. గోపాలపట్నంలో షెడ్డులో ఉన్న పదేళ్ళ కారు, బీచ్ రోడ్డు పక్కన ఎండావానల్లో నిలబడిన అయిదేళ్ళ కారు కన్నా గట్టిగా ఉండొచ్చు.

ఒక చాప, టార్చిలైటు, గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం పట్టుకుని పొద్దున్నే వెళ్ళండి. ముందుగా డిక్కీలో స్టెప్నీ తీసి, దాని గుంతలో నీటి చారలు, తుప్పు ఉన్నాయేమో చూడండి. తలుపు తెరిచి అడుగు అంచు వెంట వేలితో తడమండి. అక్కడ నీళ్ళు పోయే చిన్న కన్నాలుంటాయి. అవి దుమ్ముతో మూసుకుపోతే తలుపు లోపలి నుంచి కుళ్ళుతుంది. పెయింటు బుడగలా లేచిన చోట గోటితో నొక్కితే తెలిసిపోతుంది. బానెట్ ఎత్తి రెండు పక్కలా సస్పెన్షన్ బిగించే గుండ్రటి భాగాలు చూడండి. అక్కడ తుప్పు తినేసి ఉంటే ఇంక బేరం మాట్లాడకండి, వచ్చేయండి. సైలెన్సరు, బోల్టుల మీద పైపైన ఎర్రదనం ఈ ఊళ్ళో మామూలే, దానికి భయపడక్కర్లేదు. పొరలు పొరలుగా ఊడే తుప్పే ప్రమాదం. ఇంకో సంగతి: అమ్మే ముందు కింద కొత్తగా నల్ల కోటింగు కొట్టిన కారుని అనుమానించండి. తడితే ఆ కోటింగు కింద రేకుందో లేదో చప్పుడే చెబుతుంది.

అయస్కాంతాన్ని తలుపులు, వెనక చక్రాల పై రేకుల మీద మెల్లగా జరపండి. లప్పం మందంగా పెట్టిన చోట అది పట్టు వదిలేస్తుంది. చిన్న సొట్టకి లప్పం పెట్టడం తప్పు కాదు. తలుపు సగం మేర పట్టు లేదంటే మాత్రం యాక్సిడెంటు ఎప్పుడైందో, ఎలా అయిందో అడగండి.

వరద తాకిన బండి కాదని తేల్చుకోండి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు వేల ఇళ్ళు మునిగాయి, బండ్లూ మునిగాయి. ఆ కార్ల మీద ఉన్నదీ ఏపీ ప్లేటే, పైన చెప్పినట్టు తేడా కనబడదు. ఏ కారైనా సీటు బెల్టు చివరిదాకా లాగండి. లోపలెక్కడో చుట్టుకుని ఉండే భాగాన్ని ఎవరూ కడగరు, బురద గీత అక్కడే దొరుకుతుంది. ముందు సీటు వెనక్కి జరిపి పట్టాల బోల్టులు చూడండి, కాళ్ళ కింద కార్పెట్ ఎత్తి వాసన చూడండి. అద్దాలు ఎక్కించి అయిదు నిమిషాలు లోపల కూర్చుంటే సెంటు వాసన వెనక ముక్క వాసన బయటపడుతుంది.

తోలి చూడటం

ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయాలి. మీరు వెళ్ళేసరికే బానెట్ వెచ్చగా ఉంటే ఇంకో రోజు పొద్దున్న వస్తానని చెప్పండి. మన ఊళ్ళో పరీక్షకి కొండలున్నాయి, వాడుకోండి. సింహాచలం ఘాట్ రోడ్డు మీద ఏసీ వేసి, నలుగురిని ఎక్కించుకుని వెళ్ళండి. ఇంజను అరుస్తున్నా బండి ముందుకి లాగకపోతే క్లచ్ అరిగినట్టు. దిగేటప్పుడు బ్రేకు నొక్కితే పెడలు వణికితే డిస్కులు సరిగా లేవు. బెంగళూరు బండ్లలో ట్రాఫిక్ వల్ల క్లచ్ త్వరగా అరుగుతుంది, అక్కడి కారుకి ఈ పరీక్ష తప్పనిసరి. టైరు పక్కన నాలుగంకెల కోడు చదవండి: 2321 అంటే 2021లో 23వ వారం. ఆ తర్వాత కంపెనీ సర్వీసు రికార్డు తీయించి మీటరుతో పోల్చి, గాజువాక ఆటోనగర్‌లో మీకు తెలిసిన మెకానిక్‌కి ఒకసారి చూపించండి. అమ్మేవాళ్ళు చూపించే మెకానిక్ మీకు వద్దు.

బయటి కారు: కాగితం చేతికి రాకుండా డబ్బు కదలకూడదు

ఢిల్లీ కార్లు చవకగా ఎందుకొస్తాయో తెలుసుకుంటే భయం తగ్గుతుంది. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు అక్కడి రోడ్ల మీద తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది. డీజిల్‌కి పదేళ్ళు, పెట్రోలుకి పదిహేనేళ్ళు అన్న హద్దుని 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2025లో కొంత సడలింపు వచ్చినా, గడువు దగ్గరపడుతున్న బండిని ముందే వదిలించుకునే అలవాటు అక్కడ స్థిరపడిపోయింది. అంటే తక్కువ ధర ప్రతిసారీ మోసం కాదు. పైగా అక్కడ సముద్రం లేదు కాబట్టి కింద రేకు శుభ్రంగా ఉంటుంది.

చూడాల్సింది వరస. లోను ఉంటే ముందు బ్యాంకు లెటరు, ఫారం 35తో హైపోతికేషన్ (ఆర్సీ మీది లోను ఎంట్రీ) తీయించాలి. పెండింగు చలాన్లు కట్టించాలి. ఆ తర్వాత ఫారం 28 మీద ఎన్ఓసీ. దాని మీద ఏ రవాణా కార్యాలయానికి ఇస్తున్నారో రాసి ఉంటుంది, అది విశాఖపట్నమే అయ్యుండాలి. బండి రేకు మీద చెక్కి ఉండే ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు మీరే దగ్గరుండి తీసి, ఆర్సీతో ఒక్కొక్క అంకె పోల్చండి. అడ్వాన్సు తప్పదంటే చిన్నదివ్వండి, మిగతా సొమ్మంతా ఎన్ఓసీ ఆన్‌లైన్‌లో కనబడ్డాకే.

మన ఊళ్ళో ఇంకో మంచి దారి ఉంది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే కావడంతో బదిలీ అయిన నేవీ కుటుంబాలు కార్లు అమ్ముతుంటాయి. నంబరు కేరళదో మహారాష్ట్రదో అయినా బండి ఇక్కడే ఉంది, ఓనరు ఎదురుగా కూర్చుని సంతకం పెడతారు. బయటి కారే కావాలంటే నేను ముందు ఇక్కడ వెతుకుతాను. బీహెచ్ సిరీస్ (రాష్ట్రం మారినా మార్చక్కర్లేని భారత్ సిరీస్) నంబరైతే, ఆ సిరీస్‌కి మీకు అర్హత లేకపోతే ఏపీ నంబరుకి మార్పించి పన్ను కట్టాలి, అది లెక్కలో వేసుకోండి.

డబ్బిచ్చే రోజు, ఆ తర్వాత

పేరు మార్పుకి కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు మీ ముందే పెట్టించండి. డెలివరీ నోటులో తేదీతో పాటు గంట కూడా రాయండి, ఆ గంటకి ముందు చలాన్లు వాళ్ళవి, తర్వాతవి మీవి. సొమ్ము బ్యాంకు ద్వారానే పంపండి. పేరు మార్పు దరఖాస్తుకి కొన్నవాళ్ళకి 30 రోజుల గడువుంది. అమ్మినవాళ్ళు కూడా దీని కోసం తొందరపడాలి, ఎందుకంటే యాక్సిడెంటు జరిగితే రిజిస్టరులో పేరున్నవాళ్ళే పరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సూరెన్స్‌ని 14 రోజుల్లో మీ పేరుకి మార్పించండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) వాళ్ళతోనే పోతుంది, ప్రీమియంలో ఆ తేడా మీరు కట్టాలి.

నన్నడిగితే, ధరలో తేడా లక్ష లోపుంటే మన ఊరి కారే తీసుకుంటాను, సముద్రానికి దూరంగా షెడ్డులో ఉన్నది వెతికి మరీ. ఆ తేడా ట్యాక్సుకి, తిరుగుళ్ళకి పోతుంది. తేడా అంతకన్నా బాగా ఎక్కువై, ఎన్ఓసీ సిద్ధంగా ఉంటే బయటి కారు తేవచ్చు. ఏది కొన్నా వానలు మొదలయ్యేలోపు కింద ప్రెజరు నీళ్ళతో కడిగించి, రెండు రోజులు ఆరనిచ్చి, అప్పుడు యాంటీ రస్ట్ కోటింగు వేయించండి. తడి రేకు మీద వేస్తే తుప్పుని లోపల పెట్టి మూత వేసినట్టవుతుంది.